తాత చూసిన సముద్రం

తాతకు సముద్రం చూపించాలని మనవడు పట్టుబట్టాడు.

"నేను ఎప్పుడో జూసిన్రా" అన్నాడు తాత, సగం కాలిన బీడీని ఆర్పి చెవి మీద పెట్టుకుంటూ.

ఇంట్లో అందరూ నవ్వారు. బోధన్ షక్కర్‌నగర్‌లోనే జీవితం వెళ్లదీసిన మనిషి చూసిన సముద్రం ఏదై ఉంటుంది? నిజాంసాగరే. మంజీర మీద 1923లో పని మొదలుపెట్టి 1931కల్లా కట్టిన ఆ ప్రాజెక్టు నిండుగా ఉన్నప్పుడు చూస్తే ఎవరికైనా సముద్రమే అనిపిస్తుంది. పైగా ఆ ఇంటికి బువ్వ పెట్టింది ఆ నీళ్లే. కాలువలు వచ్చాయి కాబట్టి చెరుకు వచ్చింది. చెరుకు వచ్చింది కాబట్టి 1937లో నిజాం సర్కారు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ వచ్చింది కాబట్టి షక్కర్‌నగర్ పుట్టింది, ఆ ఇంట్లో మూడు తరాలకు నౌకరి దొరికింది.

"అది కాదు తాతా. అసలు సముద్రం. ఉప్పునీళ్లది."

"ఉప్పుదే" అన్నాడు తాత.

ఎవరూ పట్టించుకోలేదు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి మాటలు సగం వింటారు, సగం వదిలేస్తారు.

మనవడు సంక్రాంతి సెలవు పెట్టి జపాన్ నుంచి వచ్చాడు. టోక్యోకు దక్షిణాన, సముద్రం ఒడ్డున యోకోసుకా అనే ఊరుంది. అక్కడొక యంత్రాల కంపెనీలో అతని ఉద్యోగం. ఆ ఊరు పుట్టిందే నౌకాదళం కోసమన్నట్టుంటుంది. ఒకవైపు జపాన్ యుద్ధనౌకలు, ఇంకోవైపు అమెరికా నౌకలు. రేవంతా తిప్పి చూపించే పడవలకు టికెట్లు కొనుక్కుని జనం లైను కడతారు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మనవడు ముందు వాళ్లను ఆ పడవ ఎక్కిస్తాడు. ఒక్క తాతనే ఎక్కించలేకపోయాడు. టికెట్ పెడతాను, రమ్మని ఎన్నిసార్లు అడిగినా తాతది ఒకటే జవాబు.

"ఇంకేడికన్న రమ్మను, వస్త. జపాన్‌కు మాత్రం రాను."

"ఎందుకు తాతా?"

"ఊకెనే."

విమానమంటే భయమని ఇంట్లోవాళ్లు తేల్చేశారు. సరే, జపాన్ రేవు కాకపోతే విశాఖ రేవు. అక్కడా నౌకాదళమే, అక్కడా ఒడ్డున పెట్టిన ఓడలే. భార్య పుట్టింటికని ఆర్మూరు పోతే, ఏడేళ్ల కూతురునీ తాతనూ తీసుకుని మనవడు రాత్రి రైలెక్కాడు. తాత అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని అతను అనుకోలేదు. పెట్టెలోంచి ఉతికిన ధోవతి తీసుకుని, చేతికర్ర పట్టుకుని, అందరికంటే ముందే వాకిట్లో నిలబడ్డాడు ముసలాయన.

తెల్లవారాక రామకృష్ణా బీచ్‌లో ఆటో దిగారు. మనవడు ఫోన్ తీసి వీడియోకు సిద్ధమయ్యాడు. మొదటిసారి సముద్రం చూసిన తాత మొహం పట్టాలి, ఇంట్లోవాళ్లకు పంపాలి. తాత ఇసుక అంచుదాకా పోయాడు, కర్ర మీద రెండు చేతులూ ఆనించి నీళ్లవైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత కుడిచేతి వైపు, దూరంగా నీళ్లలోకి పొడుచుకొచ్చిన కొండను చాలాసేపు చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఎట్లుంది తాతా?"

"గట్లనే ఉంది."

మనవడు ఉసూరుమంటూ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అంతలో నెత్తిన తట్టతో ఒక చేపలామె ఎదురొచ్చింది. "ఏటి బాబూ, సేపలు తీస్కోరా? ఇయ్యాల పట్టినవే" అంది.

"ఏటమ్మా, వంజరం ఎంతకి సెప్తన్నావు?" అన్నాడు తాత.

అచ్చం ఆమె యాసే. మనవడు పడీపడీ నవ్వాడు. "తాత యాక్టింగ్ చూడు" అన్నాడు కూతురితో. చేపలామె మాత్రం నవ్వలేదు. ధర చెప్పి, "ఏ వూరు తాతా మీది?" అని అడిగింది. తాత జవాబు చెప్పకుండా కర్ర ఊపి ముందుకు నడిచాడు.

కుర్సురా దగ్గర టికెట్లు తీసుకున్నారు. ఇసుకలో, సిమెంటు దిమ్మెల మీద తొంభై మీటర్లకు పైగా పొడవున పడుకున్న జలాంతర్గామి అది. మెట్లెక్కి లోపలికి పోవాలి. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య గుండ్రటి తలుపు రంధ్రాలు. వంగి, ఒక కాలు ముందు పెట్టి దూరాలి. తాత వయసు చూసి గైడ్ కంగారుపడ్డాడు. నేవీలో చేసి రిటైరైన మనిషి.

"పెద్దాయనా, మీరు బయటే కూర్చోండి. లోపల ఇరుకు."

"నలభై ఏండ్లు బాయిలర్‌ల దూరి మసి గీకినోన్ని. ఇదేం ఇరుకు" అంటూ తాత కర్ర మనవడి చేతిలో పెట్టి ఆ రంధ్రంలోంచి దూరాడు. గైడ్ వెనకనుంచి పట్టుకోబోయేలోపే అవతల తేలాడు.

గైడ్ రోజూ చెప్పేదే చెప్పుకుపోయాడు. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా తిరిగింది. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఇందులోనే తిని, ఇందులోనే పడుకునేవారు. ముప్ఫై ఒక్క ఏళ్లు నౌకరీ చేసి 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. మరుసటి ఏడాది ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు.

తాత అతని మాటలు వింటున్నట్టు లేదు. ఇంజన్ల గదిలో ఆగి గొట్టాలను వేళ్లతో తడుముతున్నాడు. ఒక వాల్వు దగ్గర, "ఇది ఆవిరిది కాదు, నూనెది" అన్నాడు. ఒక గేజీ దగ్గర అద్దాన్ని గోటితో కొట్టి చూశాడు. గైడ్ ఉపన్యాసం ఆపేసి ఆయన పక్కకు వచ్చాడు.

"ఎక్కడ పనిచేశారండీ?"

"బోధన్ షుగర్ ఫ్యాక్టరీ. బాయిలర్ హౌస్."

"ఓ, చాలా పెద్దదట కదండీ?"

"ఒకప్పుడు ఆసియాలనే పెద్దదని చెప్పేటోళ్లు" అని, తాత అసలు అడగదలచుకున్నది అడిగాడు. "ఇది పని బందు చేసి ఇన్నేండ్లాయె. తుప్పు పట్టదా?"

"పట్టకుండా ఉంటుందా అండీ. ఉప్పుగాలి కదా. రంగులు వేయిస్తూనే ఉంటారు, రిపేర్లు చేయిస్తూనే ఉంటారు. వదిలేస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది?"

తాత ఆ గేజీని ఇంకోసారి చూశాడు. "మా దగ్గర ఉప్పుగాలి గూడ లేదు" అన్నాడు.

గైడ్‌కు అర్థం కాలేదు. మనవడికి అర్థమైంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీలో లేఆఫ్ ప్రకటించారు. అతని తండ్రి అప్పటికి అందులోనే ఉన్నాడు. పాలిటెక్నిక్ ముగించిన తనూ ఏదో ఒక సీజన్‌లో అక్కడే చేరతానని అనుకుంటున్న రోజులవి. గేటుకు నోటీసు అతికించారని తెలిసి తండ్రి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. తాత మాత్రం అరుగు మీదే కూర్చుని, రెండో షిఫ్టు సైరన్ కోసం చెవి ఒగ్గి, అది మోగదని తెలిశాక లేచి లోపలికి పోయాడు. ఆ తర్వాత ఏడాది తిరగకముందే మనవడు హైదరాబాద్‌కు, అక్కడినుంచి జపాన్‌కు పోయాడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఫ్యాక్టరీ తెరుస్తారన్న మాట ఫోన్‌లో వింటూనే ఉన్నాడు.

మాట మార్చడానికి మనవడు తన ఊరి సంగతి ఎత్తుకున్నాడు. యోకోసుకాలోనూ ఇలాగే ఒక ఓడ ఉంది. పేరు మికాసా. ఇంగ్లండులో కట్టించుకున్న యుద్ధనౌక. 1905లో సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని జపాన్ చిత్తు చేసినప్పుడు అడ్మిరల్ టోగో నిలబడింది దాని మీదే. 1926లో దాన్ని ఒడ్డున నిలిపి స్మారకం చేశారు.

"అప్పటికెల్లి గట్లనే ఉందా?"

"ఎక్కడిది తాతా! రెండో ప్రపంచ యుద్ధంల ఓడిపోయినంక దాన్ని ఎవ్వరు పట్టించుకోలె. తోపులు పోయినయి, ఇత్తడి సామాన్లు పోయినయి. పైన డ్యాన్సులు చేసే హాలు పెట్టిన్రు. చేపల్ని చూపించే అక్వేరియం గూడ పెట్టిన్రు. ఎవరో ఇంగ్లండాయన దాని గతి చూసి పేపర్‌కు ఉత్తరం రాసిండు. అమెరికా అడ్మిరల్ నిమిట్జ్ గూడ మద్దతిచ్చిండు. 1961ల మల్ల బాగుచేసి తెరిచిన్రు."

"ఓడగొట్టినోళ్లే బాగుచెయ్యమన్నరా?"

"అవును."

"మరి తెరిచినంక నడిచిందా?"

"నడవనీకి కాదు తాతా, చూడనీకి."

తాత కాసేపు ఆలోచించాడు. "గట్లయితే మన ఫ్యాక్టరీకి గూడ ఆశ ఉన్నట్టే. టికెట్ ఎంత పెడ్తరో!"

కూతురు అప్పటికే బయటికి వచ్చేసింది. ఎక్కేటప్పుడు గైడ్‌కు నడుం వంచి దండం పెట్టింది, దిగేటప్పుడూ పెట్టింది. అక్కడ బడిలో నేర్పిన పద్ధతి. తెలుగు బాగానే వస్తుంది కానీ, అమ్మ దగ్గర నేర్చుకున్నది కొంత, వీడియోల్లో నేర్చుకున్నది కొంత.

రోడ్డు దాటితే టీయూ-142 విమానం. ఇరవై తొమ్మిదేళ్లు సముద్రం మీద గస్తీ తిరిగి 2017లో రిటైరై, ఆ ఏడాది చివరికే మ్యూజియంగా మారింది. మనవడు కూతురును రెక్కల కింద నిలబెట్టి ఫొటోలు తీశాడు. తాత దాని దగ్గరికి రాలేదు. రోడ్డుకు ఇవతలే, విమానానికి వీపు పెట్టి కూర్చున్నాడు. విమానమంటే భయమని ఇంట్లోవాళ్లు చెప్పుకునేది నిజమే కాబోలని మనవడు అనుకున్నాడు.

పక్కనే 1971 విజయ స్మారకం. మనవడు కూతురుకు ఘాజీ కథ చెప్పాడు. పాకిస్తాన్ జలాంతర్గామి ఒకటి మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చిందని, డిసెంబరు 3 రాత్రి తెల్లవారేలోపు ఈ రేవు బయటే మునిగిపోయిందని, అందులోని తొంభై ముగ్గురూ పోయారని చెప్పాడు. ఆ పిల్ల చాలా ప్రశ్నలు వేసింది. వాళ్లకూ పిల్లలున్నారా అని కూడా అడిగింది. తాత మధ్యలో అందుకున్నాడు.

"గా కొండ కింద ఇంక రెండు ఓడలు మునిగినయి."

"ఏ యుద్ధంల?"

"యుద్ధం కాదు. రేవు కట్టెటప్పుడు తెల్లదొరలే ముంచిన్రు. అలలు లోపటికి రాకుంట అడ్డం. రెండు పాత ఓడలల్ల రాళ్లు నింపి ముంచిన్రు."

మనవడు నమ్మలేదు. ఫోన్‌లో వెతికాడు. నిజమే. 1933లో తెరిచిన విశాఖ రేవుకు, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన, జానస్, వెలెస్డన్ అనే రెండు పాత నౌకల్ని ముంచి అలలకు అడ్డుగోడ చేశారు.

"నీకెట్ల తెలుసు తాతా?"

"మా అయ్య జెప్పిండు."

"ముత్తాతకెట్ల తెలుసు?"

"రాళ్లు మోసినోనికి తెల్వదా?"

మనవడు ఇంకేదో అడగబోయాడు కానీ కూతురు ఆకలి అంది. బీచ్ రోడ్డు హోటల్లో భోజనానికి కూర్చున్నారు. చేపల పులుసు తాత ఒక్కడే తిన్నాడు. షక్కర్‌నగర్ ఇంట్లో చేప వండినట్టు మనవడికి గుర్తు లేదు. ముల్లు నాలుక చివరికి తెచ్చి చెయ్యి పెట్టకుండా ఊసేయడం తాత ఎక్కడ నేర్చుకున్నాడో అతనికి అంతుపట్టలేదు.

"మా ఊళ్లో శుక్రవారం కర్రీ తింటారు" అంది పాప. "నేవీ వాళ్లందరూ. ఓడల్లో ఉంటే ఏ రోజో తెలీదు కదా, కర్రీ పెడితే శుక్రవారం అని తెలుస్తుంది."

"కూర దినుడు మనకు దినాం ఉన్నదే గదనే."

"అది వేరే తాతా. కొంచెం తియ్యగా ఉంటుంది."

"కూరల చక్కెరేస్తరా?" అని తాత మనవడి వైపు తిరిగాడు. "అయితే ఆడ ఫ్యాక్టరీలు నడుస్తున్నట్టే."

సాయంత్రం రైలుకు ఇంకా టైముంది. ఎండ తగ్గేదాకా నీడపట్టున కూర్చోవడానికి చోటు కావాలి. అదే రోడ్డు మీద, డచ్చివాళ్ల నాటి పాత బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. జమీందార్ల కత్తులు, పాత నాణేలు, పటాలు, ఓడల నమూనాలు. మనవడు బోర్డులు చదువుతూ పోతున్నాడు, పాప ఓడల నమూనాల దగ్గర ఆగిపోయింది. కాసేపటికి వెనక్కి చూస్తే తాత లేడు.

పక్క గదిలో కనిపించాడు. ఒక బాంబు గుల్ల ముందు నిలబడి ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊరి మీద పడి, పేలకుండా మిగిలిపోయిన బాంబు తాలూకు గుల్ల అది. తాత దాన్ని ముట్టుకోలేదు. పొద్దున కుర్సురాలో ప్రతి గొట్టాన్నీ తడిమిన మనిషి, ఇక్కడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"గింతేనా ఉండె!" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

పాప పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏంటిది?"

"బాంబమ్మా. పాతది" అన్నాడు మనవడు, బోర్డు చదువుతూ.

"ఎవరు వేశారు?"

"జపాన్‌వాళ్లు."

పాప బాంబును చూసింది, తండ్రిని చూసింది. "అంటే మనమా?"

మనవడికి ఏం చెప్పాలో తోచలేదు. "మనం కాదమ్మా. వాళ్లు."

"వాళ్లంటే? మా స్కూల్లో వాళ్లా?"

తాత నవ్వాడు. రెండు రోజుల్లో అదే మొదటిసారి. ఆ గదిలో గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చుని పాపను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ తర్వాత చెప్పింది మనవడు తన జన్మలో వినలేదు.

ఆ కొండకు ఇవతల, రేవు పక్కన గుడిసెల్లో తాత పుట్టాడు. వాళ్లయ్య రేవు కట్టేటప్పుడు రాళ్లు మోశాడు. 1941 జూన్‌లో సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసినప్పుడు, ఇక కొడుకులకూ మనవలకూ ఇక్కడే పని అని వాడంతా సంబరపడింది. ఏడాది కూడా నిండలేదు. 1942 ఏప్రిల్ 6, సోమవారం. విమానాలు వచ్చాయి. తాతకు అప్పుడు ఆరేళ్లు. తెల్లదొరల విమానాలనుకుని పిల్లలంతా చేతులూపారు. బాంబులు రేవు మీద పడ్డాక ఊపడం మానేశారు.

"పొయ్యి మీది బువ్వ పొయ్యి మీదనే ఇడిసి మా యమ్మ నన్ను సంకలేసుకుని ఉరికింది. ఊరుకు ఊరే ఉరికింది. ఉన్నోళ్లు బండ్లు కట్టుకుని, లేనోళ్లు ముల్లెలు నెత్తిన పెట్టుకుని."

అదంతా జరిగిందే. ఆ ఏడాది విశాఖ సగానికి సగం ఖాళీ అయింది. ఆంధ్రా యూనివర్సిటీయే గుంటూరుకు తరలిపోయింది. కట్టకముందే ఓడల కార్ఖానా పని ఆగిపోయి, యంత్రాలు బొంబాయి చేరాయి. రాళ్లు మోసేవాణ్ని ఎవరు పిలుస్తారు? తాత మేనమామ ఒకాయన అంతకుముందే కృష్ణా జిల్లా రైతులతో కలిసి నిజాంసాగర్ కాలువ కింద పొలం చేయడానికి వచ్చి, వర్ని వైపు క్యాంపులో ఉన్నాడు. ఆయన్ని వెతుక్కుంటూ రైళ్లు మారి వచ్చారు. చెరుకు ఫ్యాక్టరీలో మనుషులు కావాలంటున్నారని తెలిసి తాత వాళ్లయ్య బోధన్ గేటు ముందు నిలబడ్డాడు. అట్లా షక్కర్‌నగర్.

"మొదటి రాత్రి షిఫ్టు సైరన్ మోగింది. మా యమ్మ మల్ల ఇమానాలొచ్చినయనుకుని నన్ను ఎత్తుకుని చెరుకు తోటలకు ఉరికింది. కాలనీ కాలనీ నవ్వింది. అది పనికి పిలిచే సైరనే, బాంబులది కాదని మా అయ్య ఎంత జెప్పినా దానికి నమ్మబుద్ధి గాలె. సచ్చేదాక ఆ సైరన్ మోగినప్పుడల్ల ఉలిక్కిపడేది."

"ఇదంతా ఇన్నేండ్లు మాకెందుకు చెప్పలె తాతా?"

"మీరు అడగలె. సముద్రం జూసిన అంటే నవ్వితిరి."

మనవడు తల దించుకుని ఫోన్‌లో వెతుకుతున్నాడు. ఆ రోజు విమానాలు ఎక్కడినుంచి వచ్చాయో చూడాలి. దొరికింది. ర్యూజో అనే విమానవాహక నౌక. అదే రోజు కాకినాడ మీదా దాని విమానాలే దాడి చేశాయి. నాలుగు నెలలు గడిచాక, అదే ఏడాది ఆగస్టులో, పసిఫిక్‌లో అమెరికావాళ్లు దాన్ని ముంచేశారు. ఇంకా కిందికి జరిపి చదివి ఆగిపోయాడు. యోకోహామాలో నీళ్లలోకి దించాక, ఆ ఓడను లాక్కెళ్లి మిగతా పనంతా పూర్తిచేసి 1933లో యుద్ధానికి సిద్ధం చేసింది యోకోసుకా నౌకా కార్ఖానాలో. అతను రోజూ ఆఫీసుకు పోతూ బస్సు కిటికీలోంచి చూసే రేవు అది. ఆదివారాలు చుట్టాలను పడవెక్కించి తిప్పే రేవు అది.

చెప్పకుండా ఉందామనుకున్నాడు. ఉండలేకపోయాడు.

"తాతా, ఆ ఓడ తయారైంది మా ఊళ్లనే."

తాత ఆశ్చర్యపోలేదు. "నువ్వు ఊరు పేరు జెప్పినప్పుడే ఓడలున్న ఊరన్నవు. ఎక్కడో ఆడనే అయ్యుంటదనుకున్న."

"అందుకేనా జపాన్‌కు రానన్నవు?"

"మా యమ్మ మీద ఒట్టు. జపానోని మొకం జూడనని దానికి మాటిచ్చిన. చిన్నప్పటి మాట. అయినా మాటే గద."

"మరి నేను పోతానన్నప్పుడు ఒక్క మాట గూడ అనలేదు. కొట్లాడలె, ఆపలె. విమానం ఎక్కేటప్పుడు వెయ్యి రూపాయలు చేతుల పెట్టినవు." మనవడి గొంతు బొంగురుపోయింది. "మీ అయ్యను ఊరిడిపించినోళ్ల దగ్గరికే నేను నౌకరికి పోతుంటే నీకు కోపం రాలేదా తాతా?"

తాత కర్ర ఊతంగా లేచాడు. బాంబు గుల్లవైపు ఇంకోసారి చూసి, ధోవతి అంచు సర్దుకున్నాడు.

"జపానోని మీద కోపం ఎందుకురా? మా అయ్యను ఈడికెల్లి బోధన్‌కు ఎళ్లగొట్టనీకి వాడు ఓడ కట్టిండు, ఇమానాలు తెచ్చిండు, బాంబులేసిండు. నిన్ను బోధన్‌కెల్లి జపాన్‌కు ఎళ్లగొట్టనీకి మనోళ్లకు ఒక్క కాయిదం సాలింది."